గొంతు పోయిన టీవీ

మాట్లాడే హక్కు గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మైకులు అద్దెకిచ్చే దుకాణం నాది. ఊళ్లో ఎవరు ఎవరిని తిట్టాలన్నా మైకు నా దగ్గరే తీసుకుంటారు. అలాంటి నేనే ఒకడి నోరు నొక్కబోయాను. కారణం మా ఇంట్లో ఉండే మామగారూ, ఆయన రోజూ చూసే టీవీ రచ్చబాబూ.

రచ్చబాబు అసలు పేరు వేరే. చర్చని మొదలుపెట్టి రచ్చతో ముగిస్తాడని మా ఆవిడ పెట్టిన పేరది. నలుగురిని మాట్లాడమని పిలుస్తాడు, తనొక్కడే మాట్లాడి పంపిస్తాడు. ఈమధ్య అతని కన్ను ఏటి అవతలివాళ్లమీద పడింది. వాళ్లంతా దొంగలట, మన నోటిదగ్గర కూడు లాక్కుంటున్నారట.

మా కింద వాటాలో ఉండే దర్జీ ఏటి అవతలివాడే. మామగారికి చదరంగంలో జోడీ. రచ్చబాబు పుణ్యమా అని మామగారు మెట్లు దిగడం మానేశారు. దర్జీ మాత్రం సాయంత్రాలు పావులు పేర్చుకుని మెట్లవైపు చూస్తూ కూర్చునేవాడు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

“ఆ రచ్చబాబు నోరు మూయిస్తా,” అన్నాను మా ఆవిడతో.

“ఎలా? అతను చెప్పేది తప్పని నాన్నతో అంటారా?”

“మామగారితోనా! అమ్మో! టీవీ స్పీకరు వైరు కత్తిరిస్తా.”

“మరి మాట్లాడే హక్కో?”

“అది మనుషులకి. టీవీలకి కాదు.”

“మీ తెలివి తెల్లారినట్టే ఉంది,” అంది.

ఆ సాయంత్రం రచ్చబాబు తెరమీద నోరు తెరిచాడు. చేతులు విసిరాడు, మెడ నరాలు ఉబ్బించాడు. చప్పుడు లేదు. నేను లోలోపల గంతులేస్తున్నాను.

ఇంతలో మా ఆవిడ, నేను బాగుచేసి ఇంట్లో పెట్టిన మైకు తీసి వాళ్ల నాన్న చేతికిచ్చింది. “నీకు కంఠతా వచ్చు కదా నాన్నా, అతని బదులు నువ్వే చెప్పు,” అని దాని స్పీకరు కిటికీలో పెట్టి కిందికి వెళ్లిపోయింది.

“ఒక్క నిమిషం!” మామగారి అరుపుకి వీధి అదిరింది. “ఈ ఇంటి అల్లుడు ఎందుకు నోరు మెదపడు?”

“అది కాదు మామయ్యగారూ...”

“మీకు అవకాశం ఇస్తాను, ఆగండి!”

ఇస్తే ఒట్టు. ఇరుగుపొరుగంతా కిటికీల్లో తేలారు. మామగారు పూనకంలో ఉన్నారు. “ఇక ఏటి అవతలివాళ్ల సంగతి! వీళ్లంతా...” అంటూ ఇటు తిరిగారు.

గుమ్మంలో దర్జీ, మెడలో టేపుతో. పక్కనే మా ఆవిడ.

“అనండి అన్నగారూ,” అన్నాడు దర్జీ నెమ్మదిగా. “రోజూ కిందికి వినిపిస్తూనే ఉంది. మీ నోటితో కూడా ఓసారి వింటాను.”

మైకులో మామగారి ఊపిరి వీధంతా వినపడింది.

“వీళ్లంతా...” అన్నారు చివరికి, “వీళ్లంతా గుర్రాన్ని తిన్నగా నడపలేరు!”

“ఎవరండీ నడపలేనిది? దిగండి కిందికి, చూపిస్తాను!”

దిగారు. ఆటలో ఓడిపోయారు కూడా. పైకొచ్చేటప్పుడు మాత్రం గెలిచినవాడిలా ఈలవేస్తూ వచ్చారు.

వైరు నేనే అతికించాను. ఇప్పుడు ఇద్దరూ మా సోఫాలోనే కూర్చుని రచ్చబాబుని చూస్తున్నారు. అతను ఒకటంటే వీళ్లు “ఏదీ రుజువు?” అని పదంటున్నారు. ఇల్లు హోరెత్తిపోతోంది. నాకేమో హాయిగానే ఉంది. నిన్న నేనూ ధైర్యం చేసి, “వీడు చెప్పేది శుద్ధ తప్పు మామయ్యగారూ!” అన్నాను.

“అవును అల్లుడుగారూ, తప్పే,” అన్నారాయన తేలిగ్గా.

మా ఆవిడ నా వంక చూసింది. “ఈ ముక్క మొదటే అనుంటే నోట్లోంచి ముత్యాలు రాలిపోయేవా?”