వానపాములకు విముక్తి

వానపాములను వెట్టిచాకిరీ నుంచి తప్పించిన గడ్డి మందుకు జనగామ బస్టాండులో సన్మానం చేయాలని డిమాండ్ చేస్తున్నాను. శాలువా ఖర్చు నాది!

నవ్వకండి. తాతల కాలం నుంచీ ఆ జీవాలు మన్ను తవ్వీ తవ్వీ చచ్చాయి. కూలి అడిగాయా? బతుకమ్మకు సెలవడిగాయా? వాటి కోసం ఒక్క సంఘమైనా జెండా ఎత్తిందా? మనం డబ్బా మూత తిప్పాం, పంపు వీపుకెత్తుకున్నాం, చేనంతా కొట్టాం. అన్నింటికీ శాశ్వత విశ్రాంతి!

లాభాలు ఎన్నని చెప్పను? దున్నే ట్రాక్టర్ వెంట కొంగల గుంపు పరుగెత్తే న్యూసెన్స్ పోయింది. ఘనపూర్ వైపు వెళ్లి చూడండి, ట్రాక్టర్ వెనక ఒట్టి పొగే. చేపలకూ మంచి రోజులొచ్చాయి. గాలానికి గుచ్చేందుకు ఎర్ర, అదే మన వానపాము, దొరకక మనవాళ్లు పరోటా పిండి గుచ్చుతున్నారు. చేపలు టిఫిన్ చేసి మూతి తుడుచుకుని పోతున్నాయి!

ఇక నేలంటారా, సిమెంటు రోడ్డే. గూడూరు దగ్గర యాకయ్య, అతని భార్య కనకలక్ష్మి వేసిన పత్తిలో మొన్నటి వాన నీరు ఇంకితే ఒట్టు. సొంత స్విమ్మింగ్ పూల్ ఉన్న రైతును ఇంకెక్కడైనా చూశారా? పల్లం వైపు మొక్కలు తలలు వేలాడేశాయి. వాళ్లకున్నది ఆ చేనొక్కటే. అయితేనేం, ఇంత సదుపాయానికి పత్తి అడ్డం రావాలా?

కనకలక్ష్మికి ఈ వైభవం అర్థం కాలేదు. పురుగుమందుల దుకాణానికి పరుగెత్తింది.

"సుదర్శనన్నా, భూమి నీళ్లు తాగుతలేదు. జర ఏదన్న మందియ్యి."

"మందుతోని కాదక్కా. నీ భూమిల ఎర్రలు లేవు." గడ్డి మందు డబ్బాల పక్కనుంచే సుదర్శన్ ఒక సంచి లాగాడు. "గివి తీస్కపో. పానంతోని ఉన్నయి. భూమిని గుల్ల జేస్తయి."

"మరి మా భూమిల ఉన్నయి యాడికి పోయినయే?"

"గదంత నాకెట్ల ఎరుక? నేను దుకాణపోన్ని."

ఆమె సంచితో చేనికి వచ్చేసరికి మెరక వైపు యాకయ్య పంపుతో సిద్ధం.

"పంపు దించయ్యా. ఎర్రలు తెచ్చిన."

"గడ్డి మోకాళ్ల దాక లేసింది, కలుపుకు మనుషులు దొరుకుతలేరు. ఇయ్యాల కొట్టనియ్యి. రేపు చల్లుదువు తియ్యి."

"రేపు చల్లితే ఎల్లుండి మళ్లా కొననీకా?" కనకలక్ష్మి కొంగు నడుముకు చుట్టి గడ్డిలో కూర్చుంది. "నువ్వు గా కొసకెల్లి కొట్టుకుంట రా. నేను ఈ కొసకెల్లి పీక్కుంట వస్త. ఎవ్వలు ఎంత దూరమొస్తే గంత భూమి వాళ్లది."

పొద్దుగూకేసరికి సగం చేను ఆమెది, సగం ఆయనది. పల్లంలో పత్తి మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది.

పందెం సంగతి ఊరంతా పాకింది. మర్నాడే సుదర్శన్ దుకాణంలో ఆమెకో సంచి, ఆయనకో డబ్బా తీసి పక్కన పెట్టాడు. ఎవరు గెలిచినా దుకాణానికి నష్టం లేదు మరి.