వంతెనాయన ఇంట్లో ఉండిపోయిన రోజు

ఆ గురువారం పొద్దున్నే నిద్ర లేవగానే వంతెనాయనకి ఇవాళ గడప దాటకూడదనిపించింది. ఒంట్లో నలత లేదు, ఇంట్లో పని లేదు, చుట్టాలెవరూ రావడం లేదు. రెండోసారి కాఫీ తాగి, పేపరు చివరి పేజీ దాకా చదివి, మళ్లీ పడుకోవాలి. అంతకు మించిన పథకమేమీ లేదు.

ఊరినీ అవతలి ఒడ్డునీ కలిపే ఇనుప వంతెన బాగోగులు చూడటం ఆయన ఉద్యోగం. నెలనెలా తనిఖీ చేసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. పందొమ్మిదేళ్లుగా అదే పని కావడంతో అసలు పేరు మరుగున పడి ఈ పేరు మిగిలింది.

"ఆఫీసులో ఏమైనా గొడవా?" అంది భార్య, ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూస్తూ.

"గొడవా లేదు, జ్వరమూ లేదు. వెళ్లబుద్ధి కావట్లేదు. ఊరికే."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏ పనీ ఊరికే చేయగా ఆవిడ చూడలేదు. కాసేపు ఆయన ముఖంలోకి చూసి, లోపలికి వెళ్లి, అవతలి ఒడ్డున ఉండే చెల్లెలికి ఫోన్ చేసింది. "ఇవాళ రాలేనే. మీ బావగారు వంతెన ఎక్కనంటున్నారు" అని గొంతు తగ్గించి చెప్పింది.

పేపరు కోసం గేటు దగ్గరికి వెళ్తే ఎదురింటి స్కూలు బస్సు డ్రైవరు పలకరించాడు. "ఏం సార్, ఇంకా బయల్దేరలేదు?"

"ఇవాళ అటు వెళ్లట్లేదు."

"అదేంటి సార్, ఎందుకని?"

బద్ధకం అని చెప్పుకోవడానికి ఆయనకి మొహమాటం అడ్డొచ్చింది. "కారణాలుంటాయి లెండి. అన్నీ పైకి చెప్పుకోలేం" అన్నాడు.

డ్రైవరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. బయటికి తీసిన బస్సుని వెనక్కి నడిపి షెడ్డులో పెట్టేశాడు.

పది గంటలకి వంతెనాయన పేపరు పక్కన పెట్టి చెవులు రిక్కించాడు. హారన్ లేదు, బండి చప్పుడు లేదు. వరండాలోకి వచ్చి చూస్తే వీధంతా పొగమంచు. షాపులు మూసే ఉన్నాయి. ప్రతి కిటికీలోనూ ముఖాలున్నాయి. అవన్నీ ఆయన ఇంటివైపే చూస్తున్నాయి. ఆయన తలెత్తగానే ఒక్కో కర్టెనూ జారిపోయింది.

"ఎవరూ ఎక్కడికీ వెళ్లట్లేదటండీ" అంటూ భార్య వెనకాల వచ్చి నిలబడింది. "వంతెన కూలిపోతుందట. లోపలి సంగతులు తెలిసిన ఆఫీసరెవరో చెప్పారట."

"ఏ ఆఫీసరు?"

"పేరు బయటపెట్టడం లేదట."

ఆయనకి తన సంతకం గుర్తొచ్చింది. పోయిన నెల తనిఖీ రోజున జోరు వాన. గొడుగు కింద ఈ చివర నిలబడి, కనిపించినంత మేర చూసి, అంతా బాగుందని రాసి సంతకం పెట్టాడు. ఆ సంగతి ఇంకెవరో కనిపెట్టారన్నమాట! భార్య వద్దండీ, వద్దండీ అంటున్నా చెప్పులు వేసుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఆయన వెనక తలుపులు ఒక్కొక్కటే వారగా తెరుచుకుంటున్నాయి.

వంతెన సగం దాకా కనబడి, ఆపైన మంచులో మాయమైపోయింది. నడుస్తుంటే తన అడుగుల చప్పుడు కింద నీళ్లలోంచి వినబడుతున్నట్టుంది. మధ్యకి చేరేసరికి ఇంకో చప్పుడు. టక్. ఆగాడు. కాసేపటికి మళ్లీ, టక్. మూసిన తలుపుని ఎవరో లోపలినుంచి కొడుతున్నట్టు.

మంచులోంచి ఒక ఆకారం ఇటే వస్తోంది. దానికి అడుగుల చప్పుడు లేదు. ఆయన కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. దగ్గరికొస్తే తమ ఆఫీసు పెద్ద ఇంజినీరు! బరువు తగ్గుతుందని కాబోలు, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మునివేళ్ల మీద నడుస్తున్నాడు.

"నాతో ఒక్క మాట అనొచ్చుగదయ్యా!" అన్నాడు పెద్ద ఇంజినీరు గుసగుసగా.

"ఏ మాటండీ? అసలా చెప్పిన ఆఫీసరెవరు?"

"ఇంకెవరు, నువ్వే! నువ్వు వంతెన ఎక్కనన్నావని రెండు ఒడ్లూ అట్టుడికిపోతున్నాయి."

వంతెనాయనకి పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఇదంతా తన బద్ధకం చేసిన నిర్వాకమేనా! నవ్వబోయాడు.

టక్.

ఇద్దరూ బోర్లా పడుకుని కిందికి తొంగి చూశారు. రెండు దూలాల్ని కలిపే ఇనుప పలక ఒక్క బోల్టుకి వేలాడుతూ గాలికి దూలాన్ని తడుతోంది. మిగతా ఏడు బోల్టులూ లేవు. బస్సుల రొదలో ఆ చప్పుడు ఎన్నాళ్లుగా ఎవరికీ వినబడలేదో! ఆ వేళకి స్కూలు బస్సు నలభై మంది పిల్లలతో దాని మీదుగా వెళ్లి ఉండాలి.

"తనిఖీ నేను సరిగ్గా చేయలేదండీ" అన్నాడు వంతెనాయన.

"నీ సంతకం కిందే నాదీ ఉందయ్యా" అని పెద్ద ఇంజినీరు నిట్టూర్చాడు.

సాయంత్రం వీధి వీధంతా ఇంటికొచ్చింది. డ్రైవరు ఆయన చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. "నిజం చెప్పాలంటే నాకేమీ తెలియదు. బద్ధకమేసి ఉండిపోయాను" అని ఆయన నాలుగుసార్లు చెప్పాడు. ఎంత వినయమో అని అందరూ చెమ్మగిల్లిన కళ్లతో భార్యవైపు చూశారు.

మరుసటి నెల ఆయన జ్వరంతో పడుకుంటే, మధ్యాహ్నానికల్లా వీధిలో సగం మంది పెట్టెలు సర్దేసుకున్నారు.