నాగేంద్రుడి కడుపులో పురుగులు

ఇకమీదట ఈ తాలూకాలో ఏ పాము కడుపులోనూ పురుగనేది ఉండబోదని జిల్లా బోర్డు మెంబరు దశరథరామయ్యగారు రాచర్ల సభలో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. అంతవరకూ ఏ మెంబరూ పాముల మంచిచెడ్డలు అడిగిన పాపాన పోలేదు మరి.

సంగతేమిటంటే, మద్రాసు నుంచి వచ్చిన దొర ఒకాయన నల్లమలలో పాముల్నీ ఉడుముల్నీ పట్టి, కోసి చూసి, పేగుల నిండా పురుగులేనని పత్రికలో రాశాడు. మెంబరుగారికి తల తీసేసినట్టయింది. మన పాముల పరువు మద్రాసు వీధుల్లో పడింది. పైగా ఎన్నికలు దగ్గరకొచ్చాయి. నాగేంద్రుడికి వైద్యం చేయించినవాణ్ణి ఎవడు కాదంటాడు?

ఆ ఏడు పడిన వానలకు లేత పచ్చిక మేసి గొర్రెలకూ కడుపులో పురుగులు పడ్డాయి. రాచర్ల కాపరి మాల్యాద్రి మందలో దవడల కింద నీరు దిగి ఒక్కొక్కటే పోతున్నాయి. అతను మెంబరుగారి దుకాణం ముందు నిలబడ్డాడు.

"గొర్రెలే మా కూడు సామీ. పశువుల ఆస్పత్రిలో మందు ఉందంట. ఇప్పించండి."

"తొందరేందిరా మాల్యాద్రీ. ముందు దేవుడు, ఆనక గొర్రె."

పశువుల డాక్టరు యోబు నసిగాడు. "సార్, ఈ నీలం మందు, మైలుతుత్తం, గొర్రెల కోసం వచ్చిన స్టాకు."

"పురుగు పురుగే గదయ్యా. దానికి కులమేంది?"

యోబు తాళంచెవి ఇచ్చేశాడు.

నాగులచవితినాడు స్టాకంతా పాలల్లో కలిపించారు. పాలు నీలంగా తిరిగితే శివుడి మహిమ అన్నారు. మెంబరుగారు ఉపవాసముండి, గొడుగు కింద నిలబడి, పుట్టపుట్టకూ దగ్గరుండి పోయించారు. చివరికి మాల్యాద్రి ఖాళీ చెంబు పట్టుకుని అడిగాడు.

"పాముకి నయమైందని మనకెట్ల తెలుస్తది సామీ?"

"ఒక్క పామైనా వచ్చి కంప్లయింటు ఇచ్చిందా? ఇయ్యలే. ఇంకేంది మరి."

ఆ లాజిక్కుకు ఆడవాళ్లు సైతం చేతులెత్తి మొక్కారు. పోలింగు నాటికి మాల్యాద్రికి మంద పోయి చేతికర్ర మిగిలింది.

ఆ రోజుల్లో అభ్యర్థికో రంగు పెట్టె. ఓటరు చీటీ పుచ్చుకుని, నచ్చిన పెట్టెలో వెయ్యాలి. మెంబరుగారు ఏరికోరి నీలం పుచ్చుకున్నారు. మాల్యాద్రినీ, భూమి పట్టా ఉండి ఓటున్న గొర్రెలకాపరులందరినీ సొంత బండ్లు కట్టించి తోలించారు. వాళ్లు తలస్నానాలు చేసి, బొట్లు పెట్టుకుని మరీ వచ్చారు. చూసి ఆయనకు కడుపు నిండిపోయింది.

లెక్కింపునాడు నీలం పెట్టె తెరిస్తే అడుగు కనబడింది. ఆయన తిన్నగా రాచర్ల పోయి మాల్యాద్రిని పట్టుకున్నారు.

"నా బండెక్కి పోయి ఓటెక్కడ వేసినావురా?"

"మీకే వేసినాం సామీ. చీటీలు బయటికి తెచ్చి, పసుపు కుంకం పెట్టి, అందరం పుట్టలో వేసినాం."

"పుట్టలో వేస్తే నాకు చేరేది ఎట్లరా?"

మాల్యాద్రి చేతులు కట్టుకున్నాడు.

"ఒక్క పామైనా వచ్చి కంప్లయింటు ఇచ్చిందా సామీ?"