ఏప్రిల్ ముప్పై ఒకటిన ఆఫీసు తెరిచే ఉంటుంది

సూర్యుడు ఉదయించినంత మాత్రాన రోజు మొదలైనట్టు కాదు. ఆ రోజు తాలూకు తేదీ నిర్ణీత రూపంలోనే ఉందని ఎవరో ఒకరు ధ్రువీకరించాలి. సికింద్రాబాద్ వరకు ఆ బాధ్యతను కార్ఖానా ప్రాంతంలో ఒక బేకరీ పై అంతస్తులో ఉన్న తేదీల రూప నిర్ధారణ విభాగం మోస్తోంది. (కింద బేకరీలో దిల్‌పసంద్ పొట్లం మీద కూడా తేదీ ఉంటుంది గానీ, దాన్ని ఎవరూ ధ్రువీకరించరు. తినేస్తారు.)

ఆ విభాగంలో భానుప్రకాశ్ కాంట్రాక్టు ప్రోగ్రామరు. పైథాన్‌లో చిన్న చిన్న స్క్రిప్టులు రాయడం అతని పని. జనం దరఖాస్తుల్లో నింపే తేదీలు సరైనవో కావో తేల్చడానికి అతను ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే రాత ఆకారాన్ని సరిచూసే సూత్రం, రాశాడు. ఒకే ఒక్క లైను. చూస్తే ఎవరో కోపంలో బ్రాకెట్లు విసిరికొట్టినట్టు ఉంటుంది. అది చేసేది మాత్రం చాలా మామూలు పని. రోజుకు రెండంకెలు ఉండాలి, ముప్పై ఒకటి దాటకూడదు. నెలకు రెండంకెలు, పన్నెండు దాటకూడదు. సంవత్సరానికి నాలుగంకెలు, మధ్యలో అడ్డగీతలు. మురుకుల గొట్టంలోంచి దిగిందల్లా మురుకే అయినట్టు, ఇందులో పట్టిందల్లా తేదీయే. అందుకే ఆఫీసులో అందరూ దాన్ని ముద్దుగా ‘అచ్చు’ అనేవారు.

సంయుక్త సంచాలకులు రామభద్రరావు గారికి అచ్చు తెగ నచ్చింది. ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, తన కుర్చీ వెనక వేలాడదీశారు. దానికి ఒక అగరొత్తి కూడా వెలిగేది. తనొక లైను రాస్తే దానికి ధూపం పడుతున్నదని భానుప్రకాశ్ లోలోపల పొంగిపోయాడు. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది.

మొదటి దెబ్బ రిటైరైన ఫిట్టరు బిక్షానికి తగిలింది. పుట్టిన తేదీ 1-6-1953 అని రాస్తే అచ్చు ఒప్పుకోలేదు.

“గిదేంది మేడం, నేను పుట్టలేదంటున్నదా మిషిను?” అన్నాడు బిక్షం.

“పుట్టిండ్రు తాతా. కానీ ఒకటికి ముందు సున్నా లేకుండ పుట్టిండ్రు” అంది కౌంటరు సూపరింటెండెంటు మేబెల్. “నోటరీ దగ్గరికి పోయి సున్నా తెచ్చుకోండి.”

కోర్టు దగ్గర నోటరీలు సున్నాలకు వేరే కౌంటరు తెరిచారు. ఆరుకు ముందు కూడా ఒక సున్నా కావాలని బిక్షానికి రెండోసారి వచ్చినప్పుడు తెలిసింది. (రెండూ ఒకేసారి చెప్పే అధికారం మేబెల్‌కు లేదు. ఒక అర్జీకి ఒక అభ్యంతరమే చెప్పాలని నిబంధన.)

ఇదంతా భానుప్రకాశ్‌కు నవ్వులాటగానే ఉండేది, పెళ్లి రిజిస్ట్రేషన్ స్లాటు వచ్చేదాకా.

అతని భార్య అనుపమ కాగజ్‌నగర్ దగ్గర ఒక సర్కారు బడిలో టీచరు. పెళ్లయి ఏడాది దాటింది. కాపురమంతా శనివారం రాత్రి రైలు దిగి, ఆదివారం సాయంత్రం రైలెక్కడంగానే సాగుతోంది. ఆ ఎక్కే రైలంటే ఇద్దరికీ ప్రాణం పోయినంత పని. ఇప్పుడు భార్యాభర్తల కోటాలో బదిలీలు షురూ అయ్యాయి. మే పదిహేనులోపు పెళ్లి సర్టిఫికెట్ పెడితే అనుపమ సికింద్రాబాద్‌కు వచ్చేస్తుంది. లేకపోతే మళ్లీ ఎన్నేళ్లకో.

పెళ్లి రిజిస్ట్రేషన్లకు స్లాట్లు ఇచ్చేది ఈ విభాగమే. నిన్నటి రోజుకు ఒకటి కలపాలి, వచ్చిన తేదీని అచ్చులో పెట్టాలి, పడితే స్లాటు ఇవ్వాలి. ఈ పని చేసే పోర్టలు మార్చిలో మొదలైంది. మార్చికి నిజంగానే ముప్పై ఒక్క రోజులు ఉండటం వల్ల ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

“భానూ, మనకు స్లాటొచ్చింది!” అంటూ ఏ.ఎస్. రావు నగర్‌లోని వాళ్ల అద్దె పోర్షన్లో అనుపమ ఫోను పట్టుకొని గంతేసింది. “ఏప్రిల్ ముప్పై ఒకటి, పొద్దుగాల పది గంటలకు.”

భానుప్రకాశ్ నవ్వాడు. తర్వాత వేళ్ల కణుపుల మీద నెలలు లెక్కపెట్టాడు. తర్వాత నవ్వలేదు.

“మరి క్యాన్సిల్ చేసి వేరేది తీస్కుందాం” అంది అనుపమ.

“క్యాన్సిల్ చేస్తే మళ్లీ జూన్‌లనే ఇస్తది. అప్పటికి బదిలీలు అయిపోతయ్.”

“గీ పోర్టల్ ఎవడు రాసిండో గానీ, వాని చేతులు ఇరగ.”

భానుప్రకాశ్ తన చేతులు లుంగీలో దాచుకున్నాడు.

తెల్లారి అతను రామభద్రరావు గారి ముందు నిలబడ్డాడు. “సార్, అచ్చు తేదీ ఆకారం ఒక్కటే చూస్తది. ఆ రోజు ఉన్నదా లేదా చూడదు. పైథాన్‌ల క్యాలెండరు రెడీగానే ఉన్నది. రెండు లైన్లు కలిపితే అయిపోతది.”

“కలిపితే ఆ రోజు స్లాటొచ్చిన జంటలన్నీ ఏమవుతాయి? ప్రభుత్వం లేని రోజుని కేటాయించిందని రేపు పేపర్లో వస్తుంది” అన్నారాయన. “చూడవయ్యా భానుప్రకాశ్. అధిక మాసం వస్తే, ఇదెక్కడి నెల అని ఎప్పుడైనా అడిగామా? ఉన్న తిథి కాస్తా క్షయమైపోతే, ఎక్కడికి పోయిందని కంప్లయింట్ ఇచ్చామా? నెలకి నెలే అదనంగా వస్తే మోసినవాళ్లం, ఒక్క రోజు మోయలేమా?”

“అధిక మాసంల పెళ్లిళ్లు చేయరు కద సార్.”

“చెయ్యరు. రిజిస్టరు చెయ్యకూడదని ఎక్కడుంది?”

ఆ సాయంత్రమే సర్క్యులర్ వెలువడింది. ఏప్రిల్ ముప్పై ఒకటిన ఆఫీసు యథావిధిగా పనిచేయును. సదరు రోజు ఏప్రిల్ ముప్పై మరుసటి ఉదయం ప్రారంభమగును. సదరు రోజు ఆఫీసు గేటు లోపల మాత్రమే వర్తించును. గేటు బయట ప్రజలు మే ఒకటవ తేదీని పాటించుకొనవచ్చును.

ఉద్యోగుల సంఘం కార్యదర్శి సైలస్ లోపలికి దూసుకొచ్చాడు. “మే డే నాడు డ్యూటీ ఏంది సార్? సెలవు కద!”

“మే డే ఎక్కడిదయ్యా? ఏప్రిల్ ఇంకా అయిపోలేదు.”

సైలస్ చాలాసేపు ఆలోచించి, న్యాయమే కదా అనుకొని వెళ్లిపోయాడు. ముప్పై ఒకటి నాడు సంఘం సభ్యులు గేటు బయటికి వచ్చి ఎర్రజెండా ఎగరేసి, పని గంటలు తగ్గించాలని నినాదాలిచ్చి, మళ్లీ లోపలికి పోయి స్టాంపులు వేశారు.

పట్టుచీర కట్టుకొని వచ్చిన అనుపమ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. “ఇగ అడుగు పెడితే నిన్నటి నెలల పడ్తమా?” అని అడిగి, భర్త చేయి పట్టుకొని లోపలికి నడిచింది. సంతకాలయ్యాయి.

“వారం దగ్గర ఏం రాయాలె మేడం?” అడిగింది.

“ఖాళీగ ఉంచమ్మా” అంది మేబెల్. “దీనికి వారం ఇంకా శాంక్షన్ కాలేదు.”

ఈ మాట ఊళ్లో పాకింది. వారం లేని రోజుకు రాహుకాలం ఉండదు. తిథి లేదు కాబట్టి వర్జ్యం రాదు. దోషమన్నది మచ్చుకైనా లేని రోజు దొరికిందని తెలిశాక జనం ఊరుకుంటారా? సైనిక్‌పురి నుంచి పెద్దమనుషుల బృందమొకటి వచ్చి జూన్ ముప్పై ఒకటి కావాలని పట్టుబట్టింది. ఒకాయనైతే ఫిబ్రవరిలో ఇలాంటివి వరుసగా ఉంటాయని తెలిసి కూతురి పెళ్లి అప్పటికి వాయిదా వేశాడు. విభాగానికి ఉత్తమ సేవా పురస్కారం వచ్చింది. రామభద్రరావు గారు భానుప్రకాశ్‌కు శాలువా కప్పి, అచ్చును తక్షణం బదిలీల పోర్టల్‌లో కూడా బిగించి రమ్మన్నారు.

భానుప్రకాశ్ బిగించాడు. బిగిస్తూ, ఎవరికీ చెప్పకుండా ఆ రెండు క్యాలెండరు లైన్లు కూడా కలిపాడు. మర్నాడే మెమో వచ్చింది. తేదీ యొక్క రూపము విభాగము పరిధిలోనిది. తేదీ యొక్క ఉనికి విభాగము పరిధిలోనిది కాదు. సదరు లైన్లు తొలగించి, తొలగించినట్టు తేదీ వేసి సంతకం చేయవలెను. అతను తొలగించాడు. కాంట్రాక్టు ఆ నెలలోనే రెన్యువల్‌కు ఉంది.

జూన్ మొదటి వారంలో బదిలీ ఆర్డరు వచ్చింది. పెళ్లి సర్టిఫికెట్ మీది తేదీ అచ్చులో చక్కగా పట్టింది. అనుపమకు సైనిక్‌పురి పక్కనే ఉన్న బడి ఇచ్చారు. పోర్షన్లో ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి ఏడ్చారు. పాలవాడికి స్వీటు పెట్టారు. అప్పుడు గానీ ఆర్డరు రెండో పేజీ తిప్పలేదు. కాగజ్‌నగర్ బడి నుంచి విడుదలై కొత్త బడిలో చేరవలసిన తేదీ 31-06.

అనుపమ తన హెడ్మాస్టరు హేమచంద్రకు ఫోన్ చేసింది.

“అమ్మా, నాకు సుత బాధనే” అన్నాడాయన. “కానీ ముప్పైన వదిలితే తొందరపడ్డవు అంటరు. ఒకటిన వదిలితే లేటు చేసినవు అంటరు. ఆర్డర్ల ఉన్న రోజు రానియ్యి, పొద్దుగాలనే వదుల్త.”

భానుప్రకాశ్ పరుగున ఆఫీసుకు పోయాడు. “సార్, ఏప్రిల్ ముప్పై ఒకటి నడిపినట్టే ఇది సుత నడపండి సార్. మీ కాళ్లు మొక్కుతా.”

రామభద్రరావు గారికి నిజంగానే జాలి కలిగింది. “అప్పుడు మే ఒకటి సెలవయ్యా, ఖాళీగా ఉంది, అందులో పెట్టాం. జూలై ఒకటి పని దినం. దానిలో అదే ఉంది. ఇంకో రోజుని ఎక్కడ కుక్కను? మీ అదృష్టం బాగుండి జూలై ఒకటి ఆదివారం పడాలి.” క్యాలెండరు ఈయన పరిధిలోనిది కాకపోయినా, జాలి కొద్దీ ఫోన్లో వెతికారు. “రెండు వేల ఇరవై తొమ్మిదిలో పడుతోంది. అందాకా ఓపిక పట్టండి.”

సైనిక్‌పురి పెద్దమనుషులకు కూడా ఇదే చెప్పి పంపారు. వాళ్లు శుభస్య శీఘ్రమని మామూలు రోజులకు సర్దుకున్నారు. అనుపమ సర్దుకోలేదు. వేసవి సెలవులయ్యి కాగజ్‌నగర్ బడి తెరిచే ముందు రోజు, పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, కళ్లు తుడుచుకొని, సంచి సర్దుకొని రైలెక్కింది. భానుప్రకాశ్ ప్లాట్‌ఫాం మీద కిటికీ పట్టుకొని కొంత దూరం నడిచాడు.

ఫిర్యాదుకు జవాబు మాత్రం ఆలస్యం కాలేదు. ‘మీ విన్నపము పరిశీలించబడినది. బదిలీ ఉత్తర్వు జారీ అయినందున, మా రికార్డుల ప్రకారం దంపతులిరువురూ సికింద్రాబాద్‌లో ఒకే ఇంట కాపురము చేయుచున్నారు. కావున ఫిర్యాదు పరిష్కరించబడినట్టుగా ముగించడమైనది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’

అనుపమ ఆ మెసేజిని కాగజ్‌నగర్ స్టేషన్‌లో దిగాక చదువుకుంది.