చిక్కబళ్ళాపురంలో పూసిన మొదటి పువ్వు

ప్రపంచంలో మొట్టమొదటి పువ్వు చిక్కబళ్ళాపురంలోనే పూసింది!

ఈ పరమసత్యాన్ని పాఠశాల కమిటీ అధ్యక్షులు, విజ్ఞాన సంఘాధ్యక్షులు, ఊళ్ళో అధ్యక్షుడు అవసరమైన ప్రతిదానికీ అధ్యక్షులు అయిన వెంకటరాయప్పగారు 1939 మే నెలలో ఒక సోమవారం పొద్దున, వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ లోకానికి ప్రకటించారు. ఆ సమయానికి లోకం తరఫున అక్కడ హాజరైనవాడు సైన్సు మేష్టరు పాపన్న ఒక్కడే.

పాపన్న కమిటీవారి బడిలో ఆరేళ్ళుగా టెంపరరీ. అతని ఉద్యోగం ఏటా జూన్‌లో చిగురించి ఏప్రిల్‌లో రాలిపోతుంది. పర్మనెంటు ఆర్డరు కోసం అతను అధ్యక్షులవారి ఇంటి చుట్టూ తిరిగిన తిరుగుళ్ళు లెక్కిస్తే, నంది కొండకు ఈపాటికి వెయ్యి ప్రదక్షిణలు పూర్తయ్యేవి.

ఆ రోజు అధ్యక్షులవారి కొత్త ఇంటి అరుగుకు పేరేసంద్ర నుంచి రాతిపలకలు వచ్చాయి. రాళ్ళు కొట్టే కెంపమ్మ బండితోపాటు తనే వచ్చి దింపిస్తూంది. అందులో ఒక పలక మీద నల్లగా, సన్నగా, కొమ్మా రెమ్మా వేసినట్టు ఒక బొమ్మ!

"చూడప్పా పాపన్నా, ఎంత అందంగా ఉండాది!" అన్నారు అధ్యక్షులవారు. "కొమ్మలు, ఆకులు... ఈ కొసన ఉండేది పువ్వు కాదా?"

పాపన్న వంగి చూశాడు. "చెట్టు మాదిరే ఉండాది సార్. కానీ ఇది నల్లబండ రాయి. నిప్పులో కరిగి గడ్డకట్టిన రాయి. ఇందులోకి చెట్టు ఎట్ల వస్తాది?"

"నీ పర్మనెంటు అర్జీ ఈ జూన్‌లో కమిటీ ముందరికి వస్తాండాది కదా?"

పాపన్న మళ్ళీ వంగి చూశాడు. ఈసారి పువ్వు చాలా స్పష్టంగా కనిపించింది. రేకులు కూడా.

కెంపమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "ఇట్లాంటివి మా బండ కాడ శానా ఉండాయి సామీ. రాయి సందులో నీళ్ళు దిగి ఎండితే మరక ఇట్లే పడతాది. కావాలంటే ఇంకో బండెడు తెస్తా."

"సైన్సు తెలీనోళ్ళు మధ్యలో మాట్లాడకూడదమ్మా," అన్నారు అధ్యక్షులవారు, ఎంతో దయగా.

ఆయన తొందరకు కారణం లేకపోలేదు. పక్క తాలూకా చింతామణిలోని ముత్యాలప్పకు కిందటి దసరాకు మహారాజావారి బిరుదు వచ్చింది, బావి తవ్వించినందుకు! "వాడు తవ్వితే నీళ్ళు దొరికినాయి, నేను అరుగు కట్టిస్తే యుగాలు దొరికినాయి," అని వెంకటరాయప్పగారు కనిపించినవాళ్ళందరికీ చెప్పుకొచ్చారు.

వార్త బస్సులెక్కి ఊరూరా తిరిగింది. ఆ చెట్టు వేళ్ళు మా తాలూకాలోనే ఉండాలని బాగేపల్లివాళ్ళు వాదించారు. పువ్వు మీదైతే తేనెటీగ మాదని చింతామణివాళ్ళు తీర్మానం చేశారు. ఒక పై కచేరీ నుంచి మూడు ప్రశ్నలతో జాబు దిగింది: చెట్టు ఏ జాతిది? గంధపు చెట్టయితే అది సర్కారు సొత్తని మీకు తెలియదా? కొట్టడానికి పర్మిషను ఎవరిచ్చారు?

జవాబు రాసే భారం పాపన్న మీదే పడింది. "చెట్టు రాయి అయిన కాలానికి సర్కారు ఇంకా ఏర్పడనందున పర్మిషను తీసుకోవడానికి వీలు కాలేదని మనవి," అని రాశాడు. ఆ సర్కారు ఏర్పడిన తేదీ తెలుపవలసిందని తిరుగు టపాలో ఇంకొక జాబు వచ్చింది.

ఇంతలో తాలూకా అధికారి, అమల్దారు శ్రీనివాసప్పగారు ఒక చిక్కు చెప్పారు. పండితుడెవరైనా చూసి ఔనంటే తప్ప బిరుదుకు సిఫారసు పంపడానికి రూల్సు ఒప్పుకోవట! అనంతపురంలో చెట్ల శాస్త్రాన్ని తెలుగులోనే చెప్పగల మేష్టరు ఒకాయన ఉన్నాడని పాపన్న గుర్తుచేశాడు.

"తెలుగాయనా? వద్దప్పా! తెలుగులో చెప్తే అందరికీ అర్థమైపోతాది. అర్థమైపోయినాక ఇంకేం మర్యాద ఉంటాది?"

అందుచేత మద్రాసు నుంచి డాక్టర్ నంబియార్‌ను పిలిపించారు. రాళ్ళల్లో మిగిలిపోయిన పాతకాలపు చెట్లను ముప్పై ఏళ్ళుగా చదివిన మనిషి. తెలుగు రాదు, కన్నడం అంతకన్నా రాదు. ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాన్ని పాపన్న తెలుగులో చెప్పాలి. ఆ తెలుగు కష్టం కూడా పాపన్నకు లేకుండా, ఉపన్యాసానికి ముందురోజే అధ్యక్షులవారు అనువాదాన్ని సొంత దస్తూరీతో రాసి ఇచ్చేశారు!

జూన్ నెల రెండో ఆదివారం బడి ఆవరణలో పందిరి వేశారు. కుర్చీల్లో పెద్దమనుషులు, చాపల మీద ఊరివాళ్ళు, పందిరి బయట ఎండలో రాతిని మోసుకొచ్చిన కెంపమ్మ, ఆమె తోటివాళ్ళు. రాతికి పట్టుబట్ట కప్పి, పూలదండ వేశారు. నంబియార్ దండ పక్కకు జరిపి, భూతద్దం పెట్టి, పది క్షణాలు చూశారు. తర్వాత నిటారుగా నిలబడి ఇంగ్లీషులో మొదలుపెట్టారు.

ఇది చెట్టు కాదు. ఎప్పుడూ చెట్టుగా ఉన్నదీ కాదు. రాతి పగుళ్ళలో లోహం కలిసిన నీరు దిగి ఎండిన మరక ఇది. నేలమీద మొదటి మొక్క మొలవడానికి ఎంతో ముందే ఈ రాళ్ళు గట్టిపడ్డాయి. వీటిలో పువ్వును వెతకడమంటే, అమ్మమ్మ పెళ్ళి ఫోటోలో మనుమడిని వెతకడమే.

మొదటి వరసలో బి.ఏ. ప్యాసైన అమల్దారుగారు ప్రతి మాటకూ గంభీరంగా తలూపారు. పాపన్న అధ్యక్షులవారి కాగితం మడత విప్పాడు. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. ఆ దగ్గులో పర్మనెంటు ఆర్డరు వినిపించింది.

"పండితులవారు సెలవిచ్చేదేమంటే," పాపన్న చదివాడు, "లోకంలోని మల్లెలకూ మొల్లలకూ, తామరలకూ కలువలకూ మూలపురుషుడు ఇదే! ఇట్లాంటిదాన్ని కనిపెట్టిన మహానుభావుణ్ణి కన్న ఈ ఊరు ధన్యం!"

పందిరి చప్పట్లతో ఊగిపోయింది. నంబియార్ నివ్వెరపోయారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "మీ రాయి ఉత్త రాయని చెబితే ఇంత సంతోషంగా స్వీకరించే ఊరును నా జన్మలో చూడలేదు!" అన్నారు ఇంగ్లీషులో. అమల్దారుగారు దానికీ తలూపారు.

ఆ ఉత్సాహంలో నంబియార్ ఆగలేదు. భూమ్మీద పువ్వనేదే లేని కాలం యుగాలకొద్దీ గడిచిందట. అడవులన్నీ పచ్చగానే ఉన్నా, ఎక్కడా ఒక్క రేకు విప్పుకోలేదట. ఆ తర్వాత ఉన్నట్టుండి రాళ్ళలో పూలు కనిపిస్తాయి. ఎలా వచ్చాయో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. "ఆ తొలి పువ్వుకు దగ్గరి చుట్టం ఎవరని అడిగితే మాలో చాలామంది ఒక పువ్వు పేరు చెబుతారు. అది..." అంటూ ఆయన చూపు పందిరి దాటి ఆగిపోయింది. వేదిక దిగి, కుర్చీలు దాటి, చాపలు దాటి, తిన్నగా ఎండలోకి నడిచి కెంపమ్మ ముందు చేతులు జోడించారు. పాపన్న వెనకాలే పరుగెత్తాడు.

"ఏందప్పా ఈయన, నాకు దండం పెడతాండాడు?"

"నీ తలలో సంపంగి పువ్వు ఇస్తావా అని అడుగుతాండాడమ్మా."

"దాందేముంది, తీసుకోనీ."

నంబియార్ ఆ పువ్వును అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్క రేకూ విప్పుతూ చెప్పారు. కింద పచ్చరేకులు, పైన రంగురేకులు అన్న తేడా దీనికి లేదు, అన్నీ ఒకటే తీరు. నడిమి కాడ చుట్టూ మెట్లు చుట్టినట్టు అమరి ఉంటాయి. పువ్వు ఇంకా పువ్వు కావడం నేర్చుకుంటున్నప్పటి పద్ధతి ఇదేనని ఎందరో పండితుల నమ్మకం.

పాపన్న తన చేతిలోని కాగితం చూశాడు. అందులో ఈ ముక్క లేదు. ఆరేళ్ళుగా అతను నల్లబల్ల మీద సుద్దతో వేసిన పువ్వు ఒక్కటే, పుస్తకంలోది. రోజూ దారిలో కనిపించే సంపంగిని మాత్రం ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. ఈసారి నంబియార్ చెప్పినదంతా ఒక్క ముక్క పోకుండా తెలుగులో చెప్పాడు. జనం చాపల మీదినుంచి లేచి చుట్టూ మూగారు.

అంతా విని కెంపమ్మ అడిగింది: "మరి ఆ రాయి ఏంది మేష్ట్రా?"

పాపన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ రాయి రాయేనమ్మా. నువ్వు మొదట చెప్పిందే నిజం. ఈయనా అదే చెప్పినాడు. నేనే అబద్ధం చదివినా."

ముందుగా తేరుకున్నది అమల్దారుగారు. "నాకు మొదటినుంచీ తెలుసు. అందుకే తలూపుతాండా!" అన్నారు. ఆ వెంటనే వెంకటరాయప్పగారు వేదికెక్కారు.

"మహాజనులారా! ఈ రాతిని గురించి ఊళ్ళో మూఢనమ్మకం ప్రబలిపోతాండాదని చూసి నా కడుపు తరుక్కుపోయింది. దాన్ని పోగొట్టాలనే ఇంత శ్రమపడి మద్రాసు నుంచి పండితుణ్ణి పిలిపించినా!"

మొదటిసారి కన్నా గట్టిగా చప్పట్లు మోగాయి. ఎవరో రాతి మెడలోని దండ తీసి ఆయన మెడలో వేశారు.

మూడోనాడు పాపన్నకు మెమో వచ్చింది. నిండు సభలో అబద్ధం చెప్పి ప్రజలను తప్పుదారి పట్టించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. కింద అధ్యక్షులవారి సంతకం. పాపన్న ఆ సంతకాన్ని, జేబులోని అనువాదాన్ని పక్కపక్కన పెట్టి చూశాడు. దస్తూరీ ఒక్కటే! సంజాయిషీ రాస్తున్నానని, దానికి ఒక కాగితం జత చేస్తున్నానని కమిటీ గుమాస్తాకు చెప్పి పంపాడు.

ఆ సాయంత్రమే అధ్యక్షులవారు కాలినడకన అతని ఇంటికి వచ్చారు.

"ఏమప్పా పాపన్నా, ఆ కాగితం యాడుండాది?"

"భద్రంగా ఉండాది సార్."

"మెమో అనేది గుమాస్తా పొరపాటప్పా. నేను చూడకుండానే సంతకం పెట్టినా." జేబులోనుంచి ఆయన పర్మనెంటు ఆర్డరు తీసి చాప మీద పెట్టారు.

వంటింటి తలుపు చాటున పాపన్న భార్య మునిరత్నమ్మ నిలబడి చూస్తూంది. పాపన్న ఆర్డరును చూశాడు, మునిరత్నమ్మను చూశాడు. ఆరేళ్ళు! కాగితం ఇచ్చి కాగితం తీసుకున్నాడు. ఆ పూట అన్నం సహించలేదు. ఇలాంటివన్నీ మొదటి పూటే, మరుసటి పూటకు సర్దుకున్నాడు.

దసరాకు వెంకటరాయప్పగారికి 'విజ్ఞానదీపక' బిరుదు వచ్చింది. ఊరంతా కలిసి సన్మానం చేసింది. అమల్దారుగారు బిరుదు పత్రం ఇంగ్లీషులో చదివారు. తెలుగులో చెప్పడానికి పాపన్న లేచాడు.

"అధ్యక్షులవారు ఒక రాతిని చూసిన తక్షణమే దాన్ని శంకించి, అమాయక ప్రజలు ఎంత నమ్మినా తాము నమ్మక, ఒంటరిగా నిలిచి సత్యాన్ని కాపాడినారు..."

ఈసారి ముందు వరసలో చాప మీదే కూర్చున్న కెంపమ్మ గట్టిగా అడిగింది: "మేష్ట్రా, ఈ తూరైనా సరిగ్గా చెప్తాండావా?"

పాపన్న పత్రాన్ని మళ్ళీ ఒకసారి పైనుంచి కిందిదాకా చూశాడు.

"తర్జుమాలో తప్పు లేదమ్మా," అన్నాడు. "తప్పు మూలంలోనే ఉండాది."