కూర్మనాథం మాస్టారి ఫైబర్ పడవ

కూర్మనాథం మాస్టారు ముప్పయ్యేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పారు. అయిదు మహాసముద్రాలూ బోర్డు మీద ఎక్కించి తుడిచేశారు గాని, ఒక్కదాన్లోనూ మోకాళ్ల దాకా దిగిన మనిషి కాదు. అలాంటి ఆయన రిటైరైన ఏడాదికి పడవ కొన్నారు.

భోగాపురం అవతల సముద్రం ఒడ్డున ఇసకలో బోర్లా పడి ఉంది అది. పదిహేనడుగుల పాత ఫైబర్ పడవ. అమ్మిన తిరుమలరావు మంచివాడు. "తిప్పి లోపల సూసుకోండి మాస్టారూ" అని మూడుసార్లు చెప్పాడు. మాస్టారికి ఒకరికి చెప్పడమే గాని ఒకరు చెబితే వినే అలవాటు లేదు. "రంగు కొడితే పెళ్లికొడుకులా ఉంటాది" అని తేల్చేసి, మినీ వ్యానెక్కించి, విజయనగరం తెచ్చేసి, ఇంటి పక్క ఖాళీ జాగాలో లారీ టైర్ల మీద కూర్చోబెట్టేశారు.

ఎస్.కోట దగ్గర బావమరిది ఉపేంద్రకి చేపల చెరువుంది. ఆ చెరువు నడిమధ్యన సొంత పడవలో గాలమేసుకుని, 'మాస్టారూ' అని ఎవరూ పిలవని చోట ఓ పూట కూర్చోవాలని ఆయన కోరిక. ఆ కోరికతోనే పడవలోకి ఒక్క గెంతు గెంతారు. కుడికాలు మోకాలు దాకా అడుగులోకి దిగిపోయింది.

కేక విని హైమవతిగారు వచ్చారు. పడవనీ మొగుణ్నీ మార్చి మార్చి చూశారు.

"పడవ కొన్నారా, గొయ్యి కొన్నారా?"

"తడికి అడుగు పలక కుళ్లిపోనాది, అంతే. మార్చీస్తే కొత్త పడవే."

"ఎవరు మారుస్తారు?"

"నాకు సేతుల్లేవేటి?"

"ఉన్నాయండి. అవే నా బెంగ."

హైమవతిగారి బెంగకి కారణాలు ఇంట్లో చాలా చోట్ల కనిపిస్తాయి. మాస్టారు బాగుచేసిన కుళాయి తిప్పితే వంటింట్లో లైటు వణుకుతుంది. మాస్టారు బిగించిన తలుపు వేసేటప్పుడు ఇద్దరు కావాలి.

ఆవిడ పాతికేళ్లుగా ముందుగదిలో సంగీతం చెబుతున్నారు. ఆ గదిలో ఒక వేదిక ఉంది. మందపాటి ప్లైవుడ్ పలకతో, నీళ్లు పడినా చెక్కు చెదరనిది ఏరి మరీ చేయించుకున్నారు. దాని మీదకి నేర్చుకునేవాళ్లు తప్ప ఎవరూ ఎక్కకూడదు. ఫ్యాను తుడవాలన్నా మాస్టారు పక్కన స్టూలు వేసుకుని ఒంగి తుడవాల్సిందే.

ఆ ఆదివారం దాని మీద యమున మొదటి కచేరీ. యమున ఆటో నడుపుకునే రమేష్‌బాబు కూతురు. తొమ్మిదేళ్లుగా నేర్చుకుంటోంది. వాళ్ల నాన్న అప్పుడే ఆటో వెనకాల 'ఆదివారం మా అమ్మాయి కచేరీ, అందరూ రండి' అని రాయించేశాడు.

సోమవారం హైమవతిగారు సాలూరులో చెల్లెలింటికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగారు. "శనివారం వస్తాను. ఈలోగా ముందుగదిలో ఏదీ బాగుచెయ్యకండి."

"నానెందుకెల్తాను ఆ గదిలోకి?" అన్నారు మాస్టారు. అప్పటికి నిజమే చెప్పారు.

నాలుగు రోజులు గ్రైండరు పట్టుకుని కుళ్లిన అడుగంతా కోసేశారు. ఫైబర్లోంచి రేగిన గాజు నూక ఒళ్లంతా పట్టి, వీపు గోక్కోడానికి గోడలు చాలలేదు. అడుగు పలక కింద నీళ్లు తాగి ఉబ్బిన స్పాంజి బస్తాలకెత్తారు. గురువారం నాటికి పడవ శుభ్రంగా, పొడిగా, అడుగు పలక లేకుండా తయారైంది. ఆ సాయంత్రం పంచాంగం తీశారు. ఇల్లు సున్నం వెయ్యాలన్నా తిథి చూసే వంశం వాళ్లది. శనివారం నుంచి శుక్రమూఢం. మూఢంలో కొత్తపని చేస్తే కలిసిరాదు. శుక్రవారం పొద్దున్న పది నలభైకి దివ్యమైన ముహూర్తం ఉంది.

ప్లైవుడ్ దుకాణానికి పరిగెట్టారు. "ఆ రకం పలక సోమవారం వస్తాది మాస్టారూ" అన్నాడు దుకాణదారు. సోమవారానికి మూఢం వచ్చి రెండ్రోజులవుతుంది.

శుక్రవారం తొమ్మిదింటికి మాస్టారు ముందుగదిలో నిలబడి వేదికని చూశారు. మందపాటి పలక. నీళ్లకి చెడనిది. సోమవారం కొత్తది తెచ్చి వేసేస్తే ఎవరికి తెలుస్తుంది? మధ్యలో ఆదివారం ఒకటుందన్న సంగతి ఆ ముహూర్తం వెలుగులో ఆయనకి కనిపించలేదు. మేకులు ఊడదీసి సీసాలో వేశారు. ఉత్త చట్రం మీద జంపఖానా బిగించి కప్పారు.

అట్టముక్కతో కొలతలు తీసి పలక కోసి దింపేసరికి పది ఇరవై. ఇక మీద గాజు నార గుడ్డ పరిచి, రెసిన్ జిగురులో అది గట్టిపడేందుకు హార్డెనర్ కలిపి పూయాలి. మగ్గు రెసిన్‌కి నాలుగు మూతల హార్డెనర్ చాలని తిరుమలరావు ఫోన్లో చెప్పాడు. నాలుగు మూతలకి నలభై నిమిషాల్లో గట్టిపడితే, ఎనిమిది మూతలకి ఇరవై నిమిషాల్లో ముహూర్తానికి సరిగ్గా అందుతుందని లెక్కగట్టి, ఎందుకైనా మంచిదని మాస్టారు పన్నెండు వేశారు.

మగ్గు ముందు వేడెక్కింది. తర్వాత పొగలు కక్కింది. ఆ పైన బ్రష్షుతో సహా రాయైపోయింది.

రెండో మగ్గుకి బుద్ధిగా నాలుగే వేసి, పడవ మధ్య గొంతుక్కూర్చుని, ముక్కు నుంచి మొదలెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ పూసుకొచ్చారు. పని బ్రహ్మాండంగా కుదిరింది. పది నలభైకి కొబ్బరికాయ కూడా కొట్టారు. ఓ మూల ఆరిందో లేదో చూద్దామని చతికిలబడి, ఉపేంద్రకి ఫోన్ చేశారు.

"ఒరే ఉపేంద్రా, పది మంది గెంతినా కదలదురా నా పడవ."

"నీళ్లలో తేలుతాదా బావా?"

"తేలకపోతే నా పేరు మార్చీ."

ఫోన్ పెట్టేసి లేవబోతే లుంగీ రాలేదు. కూర్చున్నంత మేరా అడుగుకి అతుక్కుపోయింది. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. చెల్లెలింట్లో దోమలు ఎక్కువని హైమవతిగారు ఒకరోజు ముందే దిగిపోయారు.

"అక్కడేటి సేస్తన్నారండీ?"

"ఊరికే. కూర్చుంటే ఎలాగుంటాదో సూస్తన్నాను."

"లెగిసి రండి. కాఫీ కలుపుతాను."

"ఇక్కడికే తెచ్చీ. గాలి బాగున్నాది."

కాఫీ అయింది. రెండో కాఫీ అయింది. హైమవతిగారు పడవ చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికెళ్లి కత్తెర తెచ్చారు.

"ఎటేపు కత్తిరించమంటారు?"

సగం లుంగీతో మాస్టారు ఇంట్లోకి నడుస్తుంటే, ముందు వెళ్లిన ఆవిడ గేటు దగ్గర వదిలేసిన సాలూరు సంచి తెచ్చి వేదిక మీద పెట్టారు. సంచి జంపఖానాతో సహా లోపలికి దిగిపోయింది.

"చెదలు పట్టినట్టున్నాయి హైమా."

"నాలుగు రోజుల్లోనా?"

"ఈమధ్య చెదలు బాగా ముదిరిపోనాయి."

"మేకులు ఊడదీసి సీసాలో పోసి, జంపఖానా ముడత లేకుండా పరిచి మరీ ఎల్లాయి. మన వీధిలో ఇంత పద్ధతైన చెదలు నేనెప్పుడూ సూడలేదు."

మాస్టారు అంతా కక్కేశారు. ఆవిడ తిడతారనుకున్నారు. తిట్టలేదు. కుర్చీలో కూలబడ్డారు. "నాదేటుందండి, ఎక్కడైనా చాప పరుచుకుంటాను. ఆ పిల్ల తొమ్మిదేళ్లు ఆ పలక మీద కూర్చునే నేర్చుకుంది. దాని మీదే పాడతానంది."

తిడితే బాగుండుననిపించింది మాస్టారికి. సిగ్గుతో మెడ వంగిపోయింది. గునపం పట్టుకుని పడవలోకి ఉరికారు. పలక పీకి ఎక్కడిదక్కడ పెట్టేద్దామని గంటసేపు పెనుగులాడారు. మూల కూడా లేవలేదు. తిరుమలరావుకి ఫోన్ చేస్తే వాడు మెచ్చుకున్నాడు. "రాదు మాస్టారూ. చాలా బాగా అతికించీనారు. మా కుర్రాళ్లకి కూడా ఇంత పట్టు కుదరదు."

జీవితంలో మొదటిసారి ఆయన బాగుచేసింది బాగుపడింది. అదే కొంప ముంచింది.

శనివారం పొద్దున్న లేచి, "పోనీ ఆ పడవ ఉపేంద్ర చెరువుకి పంపీస్తాను. నీ కళ్లెదట ఉండదు" అన్నారు.

హైమవతిగారు అప్పటికే తేరుకున్నారు. "ఇయాళ్టి నుంచి మూఢం కాదేటి? మూఢంలో కొత్త పడవ నీళ్లలో దింపుతారా ఎవరైనా? ఎన్నాళ్లుంటాది?"

మాస్టారు పంచాంగం తిరగేసి, గొంతు తగ్గించి చెప్పారు. "రెండు నెల్లు."

"అయితే కదపకండి. మీరు ఎస్.కోట ఎల్లి పువ్వులట్రండి. బోలెడు కావాలి."

పువ్వుల గంప నెత్తినెట్టుకుని తిరిగొచ్చిన మాస్టారు గేటు దగ్గరే గంప దించేశారు. పడవ చుట్టూ మామిడాకులు. టైర్ల మధ్య ఇటుకలు పేర్చి సిమెంటు పోసేశారు. లోపల జంపఖానా. ముక్కు దగ్గర తంబురా.

"ఊగితే శ్రుతి పోతాదని మేస్త్రీని పిలిచాను" అన్నారు హైమవతిగారు. "మీరు మా తమ్ముడితో ఫోన్లో అంటంటే గేటు దగ్గర విన్నాను. పది మంది గెంతినా కదలదంట కదా. యమున గెంతదు, కూర్చుని పాడతాది."

ఆదివారం సాయంత్రం వీధంతా కుర్చీలు పడ్డాయి. మృదంగం నరసింగరావుగారు ఒక్కరే నలుగురి పెట్టు. ఆయన పడవలో కాలు పెడుతుంటే మాస్టారు కళ్లు మూసుకుని కుడి మోకాలు తడుముకున్నారు. పడవ కిక్కురుమనలేదు. యమున తన పాత పలక మీద సర్దుకుని కూర్చుని, ఒకసారి అరచేత్తో తడిమి, శ్రుతి అందుకుంది. గంటన్నర పాడింది. ఆఖర్న రమేష్‌బాబు చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయి ఆటోకి ఆనుకుని ఏడ్చాడు. మాస్టారికీ కళ్లు చెమ్మగిల్లాయి. ఇలాంటి పడవ ఎవరికుంది అనుకున్నారు.

పెద్దలు మాస్టారికి శాలువా కప్పారు. భార్య సంగీతం కోసం పడవ వేదిక కట్టిన భర్తని ఈ జిల్లాలో చూడలేదన్నారు. "ఆలోచన ఎలా వచ్చింది మాస్టారూ?" అని అడిగారు.

ఆయన హైమవతిగారి వైపు చూశారు. "ఆలోచన మా ఆవిడది" అన్నారు. శాలువా సర్దుకుని, "పలకా ఆవిడదే" అన్నారు. ఆ సన్మానం మొత్తంలో ఆ రెండే నిజాలు.

జనం వెళ్లిపోయాక మాస్టారు చెప్పులిప్పి, ఎవరూ చూడకుండా పడవలోకి ఒక కాలు వేశారు.

"ఆగండి" అన్నారు హైమవతిగారు. "ఆ పలక మీదకి నేర్చుకునేవాళ్లే ఎక్కాలి. ఎవరికైనా అదే రూలు."

"నా పడవే హైమా."

"కాదన్నానా? బుధవారం అయిదింటికి కొత్త బ్యాచి ఉన్నాది. పేరు రాయమంటారా?"

బుధవారం సాయంత్రం విజయనగరంలో ఒక పడవలో ఆరుగురు పిల్లలు కూర్చుని సరళీ స్వరాలు పాడుతున్నారు. వెనక వరసలో, గాలం పట్టుకోవాల్సిన చేత్తో కూర్మనాథం మాస్టారు తొడ మీద తప్పు తాళం వేస్తూ, పక్క పిల్లలకి ఎలా పాడాలో చెబుతున్నారు. ముందు కూర్చున్న ఏడేళ్ల దుర్గ ఓపికగా రెండుసార్లు చూసి, మూడోసారి వెనక్కి తిరిగింది.

"తాతగారూ, మీరు మాట్లాడకుండా కూర్చోండి. మీ వల్ల టీచరుగారు మాచేత మళ్లీ మొదట్నించి పాడిస్తన్నారు."