మూతమిత్ర ఉండగా ఫిర్యాదులకు భయమేల?

ఫిర్యాదులు పరిష్కరించడం చేతకానివాళ్ళు చేసే పని. చేతనైనవాళ్ళు వాటిని మూసేస్తారు!

అలా నోరు వెళ్ళబెట్టకండి. అనుభవం మీద చెబుతున్నాను. నేనూ, నాలాంటి మరికొందరు ఉత్సాహవంతులూ కలిసి 'మాత్రగంట' అనే యాప్ నడుపుతున్నాం. మాత్ర వేసుకునే వేళకి అది ఫోన్‌లో గంట మోగిస్తుంది. ఓపెన్ సోర్స్ అన్నమాట. అంటే మాకెవరికీ జీతం లేదు, వాడేవాళ్ళు పైసా కట్టక్కర్లేదు, కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. ఇంత ఉదారంగా ఇస్తుంటే జనం ఏం చేయాలి? చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఏం చేస్తున్నారు? గంట బాగాలేదంటున్నారు!

మొదట్లో మేమూ అమాయకంగా జవాబులు రాసేవాళ్ళం. ఒకాయన గంట మరీ మెల్లగా ఉందన్నాడు. ఇంకొకాయన, ఆ గంటకి పక్కింటివాళ్ళు కూడా లేచి మాత్రలు వెతుక్కుంటున్నారన్నాడు. ఒక నర్సమ్మకి అక్షరాలు ఆనలేదు. ఎంతమందికని సర్దిచెబుతాం? మాకూ పెళ్ళాంబిడ్డలున్నారు. అప్పుడు మావాళ్ళలో ఒక మేధావి మూతమిత్రని తయారుచేశాడు.

మూతమిత్ర ఒక రోబో. ఏ ఫిర్యాదులోనైనా రెండు వారాలపాటు కదలిక లేకపోతే, వచ్చి దాన్ని మూసేస్తుంది. "మీకు ఆసక్తి తగ్గినట్టుంది. సమస్య తీరిందని భావిస్తూ సెలవు" అని మర్యాదగా చెప్పి మరీ మూస్తుంది. జవాబివ్వాల్సింది మీరే కదా అంటారా? అదే దాని గొప్పతనం! మేం పలకకపోతే, ఆసక్తి తగ్గేది వాళ్ళకి. ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఏ ఆఫీసులోనైనా ఉందా?

ఇందులో తనా పరా భేదం లేదని కూడా మనవి. మా వదిన సంగతే చూడండి. ఆవిడ పళ్ళ డాక్టరు. మా అన్నయ్యది గుండెజబ్బు, పూట తప్పకుండా మాత్ర పడాలి. నామీద అభిమానం కొద్దీ ఇద్దరూ మా యాపే పెట్టుకున్నారు. ఒకరోజు నాకు అన్నం వడ్డిస్తూ వదిన అంది:

"ఏమయ్యా, మీ కొత్త వెర్షన్ వచ్చినప్పట్నుంచీ ఫోన్ తెర ఆరిందంటే గంట మోగట్లేదు. కాస్త చూడు."

"ఇలా నోటిమాటగా చెబితే ఎలా వదినా? వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టు" అన్నాను. పద్ధతి పద్ధతే కదా!

పాపం, పెట్టింది. ఫోటోలతో సహా. మావాడొకడు "నా ఫోన్‌లో మోగుతోందే!" అని రాశాడు. ఇంకొకడు "కోడ్ ఎదురుగానే ఉందిగా, మీరే బాగుచేసుకోండి" అని సలహా ఇచ్చాడు. దానికి వదిన ఏం రాసిందో తెలుసా? "పన్ను నొప్పని వచ్చినవాళ్ళకి పట్టకారు చేతికిచ్చి, అద్దం అదుగో అని నేను చూపించను కదా నాయనా!" మేమంతా పడీపడీ నవ్వాం. ఆ నవ్వుల్లో పడి జవాబివ్వడం మరిచిపోయాం. మూతమిత్ర మరిచిపోదుగా, వచ్చి మూసింది.

వదిన మళ్ళీ తెరిచింది. అది మళ్ళీ మూసింది. వదిన ఇంకోసారి తెరిచింది. ఈలోగా ఒక సాయంత్రం అన్నయ్య మెట్లమీద కళ్ళు తిరిగి పడిపోయాడు. వదిన క్లినిక్‌లో ఉందట. ఈయనేమో, తమ్ముడికి చెప్పాం కదా, ఈపాటికి బాగుచేసే ఉంటాడని గంటకోసం చూస్తూ కూర్చున్నాడట. ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన నేను చేయగలిగిందేమీ లేదు. అయినా ఊరుకున్నానా? అక్కడే నిలబడి ఫోన్ తీసి, ఆ ఫిర్యాదుకి 'అత్యవసరం' అని చీటీ తగిలించాను. చీటీ తగిలించడం నా శాఖ, బాగుచేయడం వేరేవాళ్ళ శాఖ. రెండు వారాలు తిరిగేసరికి మూతమిత్ర ఆ ఫిర్యాదుని చీటీతో సహా మూసేసింది.

అదృష్టం బాగుండి అన్నయ్య కోలుకున్నాడు. అదే సమయంలో మరో శుభవార్త! మా ఫిర్యాదుల పేజీ ఖాళీ అయిపోయింది. ఒక్కటంటే ఒక్కటి లేదు! మేమంతా కేకు కోసుకున్నాం. ఒక ముక్క డబ్బాలో పెట్టుకుని అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాను.

అన్నయ్య పడకకుర్చీలో ఉన్నాడు. పక్కన బల్లమీద మందుల డబ్బా, దాన్ని ఆనుకుని కీ ఇచ్చే పాత అలారం గడియారం. నేను కూర్చోగానే అది ఇల్లెగిరిపోయేలా మోగింది. వదిన మాత్రా మంచినీళ్ళూ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"మరి మన యాప్?" అన్నాను.

"తీసేశాం."

"నాతో ఒక్క మాట అనుంటే బాగుచేసేవాళ్ళం కదా వదినా!"

వదిన నావంక జాలిగా చూసింది. "బాగుచేస్తారనుకున్నన్నాళ్ళూ చెప్పాం కదయ్యా. ఇప్పుడు అలా అనుకోవడం మానేశాం. ఇంకేం చెబుతాం?"

కేకు అక్కడే పెట్టేసి, ఇంటికొచ్చి యాప్ ఎవరెవరు వాడుతున్నారో చూశాను. నర్సమ్మ లేదు. గంట మెల్లగా ఉందన్నాయన లేడు. పక్కింటివాళ్ళని లేపినాయనా లేడు. మిగిలింది తయారుచేసిన మేమే! మాలో ఎవరికీ ఏ జబ్బూ లేదు.

నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. వెంటనే మా ఫిర్యాదుల పేజీలోనే రాశాను: "అయ్యా, అమ్మా, ఎవరైనా ఉన్నారా? దయచేసి ఒక్క ఫిర్యాదు చేయండి. తిట్టినా సరే."

రెండు వారాలు ఎదురుచూశాను. చివరికి ఒక జవాబొచ్చింది. ఆత్రంగా తెరిచాను.

"మీకు ఆసక్తి తగ్గినట్టుంది. సమస్య తీరిందని భావిస్తూ సెలవు. ఇట్లు, మూతమిత్ర."